బహుమతి సభయు, బాలల భాషణమును

సంవత్సరాంతమున మన పాఠశాలలలో జరుగు కార్యములలో తల్లిదండ్రులు తప్పక వచ్చునది బహుమతి ప్రదాన సభ యొక్కటియే. మార్కుల పట్టికపై సంతకము చేయుటకు రమ్మన్నచో రారు. ఉపాధ్యాయులు కబురంపినను కొందరు రారు. కాని తమ బిడ్డ వేదిక యెక్కుచున్నాడన్నచో దుకాణము మూసియైనను, మగ్గము నిలిపియైనను వత్తురు. ఏ కారణమున వచ్చినను వచ్చుట మంచిదే. అయితే ఆ రెండు గంటలలో వేదికపై జరుగునది యేమి, ఎవరు ఏల మాటలాడుదురు, బహుమతులు ఎవరికి, దేనికొరకు ఇయ్యబడుచున్నవి యను సంగతులను వారికి విడమరచి చెప్పువారు లేరు. ఆ కొరతను కొంత తీర్చుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము.

పెద్ద పట్టణములలోని ఇతర పాఠశాలలకు ఈ సభ యొక వేడుక. మన పాఠశాలలకు అంతకంటె ఎక్కువ. హోసూరునందు గాని, బళ్లారియందు గాని, బరంపురమునందు గాని, షోలాపురమునందు గాని తెలుగు పిల్లవాడు ఇంటిలో ఒక భాష, వీధిలో మరియొక భాష పలుకుచు పెరుగును. పెద్దలు వినుచుండగా, మైకు ముందర నిలిచి, తెలుగున నాలుగు మాటలు చెప్పు అవకాశము వానికి ఏడాదికి ఈ యొక్క దినముననే కలుగును. యానామున వీధిభాషయు తెలుగే కనుక అచ్చటివారికి ఈ చిక్కు తక్కువ. మిగిలిన చోట్ల మాత్రము ఆ నాలుగు మాటలు ఎట్లు పలికెనన్న దానినిబట్టి పిల్లవాని మనస్సులో తెలుగునకు ఒక స్థానము ఏర్పడుచున్నది. చప్పట్లు కొట్టించుకొన్న భాషపై బిడ్డకు ప్రీతి పుట్టును. నవ్వులపాలైన భాషను బిడ్డ మరల నోట పలుకుటకు సంకోచించును.

విద్య ముగించి ఇంటికి పోవు శిష్యునకు గురువు చేయు ఉపదేశము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి పదునొకండవ అనువాకమున అట్టి ఉపదేశ మొకటి కలదు. నేటికిని పలు విశ్వవిద్యాలయముల స్నాతకోత్సవములలో దానిని పఠింతురు. సత్యము పలుకుమనియు, ధర్మము నాచరింపుమనియు, చదువును ఏమరవలదనియు, తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవముగా చూచుకొనుమనియు అందు గురువు చెప్పును. దానము చేయునప్పుడు శ్రద్ధతోను, సిగ్గుతోను చేయవలెనట. బహుమతి నిధులకు ధనమిచ్చి, తమ పేరు ఎంత పెద్ద అక్షరములతో అచ్చు వేసినారని చూచుకొను దాతలు ఆ రెండవ మాటను గమనింపదగును. అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది ఇంకొకటి కలదు. మా నడవడిలో మంచివి యేవి కలవో వానినే అనుసరింపుము, తక్కినవానిని అనుసరింపకుము అని ఆ గురువు తన శిష్యునితో చెప్పుచున్నాడు! అంతటి వినయముతో మాటలాడిన ముఖ్య అతిథులు మన సభలకు ఎంతమంది వచ్చినారు? ఆ ఉపదేశమంతయు చదువుటకు రెండు మూడు నిమిషములు చాలును. ముప్పావు గంట సేపు ఉపన్యసించి, పిల్లలు కూర్చున్నచోటనే నిదురపోవునట్లు చేయువారికి ఈ సంగతిని ముందుగా మెల్లగా తెలియజేయుట కార్యదర్శి విధి.

సన్మానముల విషయమున మన తెలుగువారి సంప్రదాయము గొప్పది. ప్రౌఢదేవరాయల కొలువున శ్రీనాథుడు గౌడ డిండిమభట్టును వాదమున గెలిచి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము పొందెనని ఐతిహ్యము. అల్లసాని పెద్దన కాలికి శ్రీకృష్ణదేవరాయలు స్వయముగా గండపెండేరము తొడిగెనని చెప్పుదురు. ఈ రెండును జరిగినట్లు చెప్పబడు విజయనగరము నేటి కర్ణాటక రాష్ట్రములోనిది. ఇంక తంజావూరున విజయరాఘవ నాయకుడు పసుపులేటి రంగాజమ్మకు కనకాభిషేకము చేసెను. తమిళదేశమున నివసించి, మన్నారుదాస విలాసము మున్నగు తెలుగు కృతులు రచించి, పెక్కు భాషలలో నేర్పు గడించిన విదుషీమణి ఆమె. అనగా పరరాష్ట్రమున తెలుగువారికి తెలుగు సన్మానము జరుగుట క్రొత్త సంగతి కాదు. ఈ కథలలో తల్లిదండ్రులు గ్రహింపవలసినది బంగారమును గాదు. ఆ సన్మానములు నలుగురు వినిన పిమ్మట, విద్య రుజువైన పిమ్మట జరిగినవి. మన సభలలో పిల్లవాని విద్యను ఎవరును వినరు. పేరు పిలుతురు, వాడు వచ్చును, డబ్బా పుచ్చుకొనును, పోవును.

నేటి సభారూపము మనకు ఆంగ్ల ప్రభుత్వ కాలమున వచ్చినది. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు స్థాపింపబడినవి. వాని స్నాతకోత్సవములలో నల్లని అంగీలు, ఆంగ్లోపన్యాసములు ఆచారమైనవి. ఉన్నత పాఠశాలలు ఆ తీరునే చిన్న కొలతలో అనుకరించినవి. 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ ప్రారంభ సభలలో మహాత్మా గాంధి మాటలాడుచు, కాశీ నగరమున తన దేశస్థులతో పరభాషలో మాటలాడవలసి వచ్చుట సిగ్గుచేటని స్పష్టముగా చెప్పెను. కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవమున వంగభాషలో ఉపన్యాసము తొలిసారి వినబడినది 1937లో. ఉపన్యసించినవాడు రవీంద్రనాథ ఠాకూరు. విశ్వవిద్యాలయము పుట్టిన 80 ఏండ్లకు గాని ఆ వేదికపై ఆ ఊరి భాష పలుకలేదన్నమాట. ఠాకూరు వంటివాడు వచ్చినగాని ఆ తలుపు తెరచుకొనలేదు. మన బడి వేదికపై నాలుగవ తరగతి పిల్లవాడు తన భాషలో మాటలాడుట ఎంత పెద్ద సంగతియో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఇక అసలు విషయమునకు వత్తము. మన భాషకు రాజ్యాంగము ఇచ్చిన రక్షణలు కలవు. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొను హక్కు నిచ్చినది. 1956లో జరిగిన ఏడవ సవరణ 350-ఎ అధికరణమును చేర్చి, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పినది. 350-బి ననుసరించి ఈ రక్షణలను పరిశీలించుటకు ప్రత్యేకాధికారి నియామకము జరిగినది. వీనికి ముందే, 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశము ఒక లెక్క నిర్ణయించెను. పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష మాటలాడు పిల్లలున్నచో కనీసము ఒక ఉపాధ్యాయుని ఏర్పాటు చేయవలెనని దాని సారము. ఈ 10, 40 అను అంకెలను తల్లిదండ్రులు ఇంటి గోడపై వ్రాసికొన్నను తప్పులేదు. తరగతిలో 11 మంది యున్నప్పుడు ఇద్దరు తల్లిదండ్రులు తమ పిల్లలను వేరొక బడికి మార్చినచో మిగిలిన తొమ్మండుగురి అడుగు నేల కదలును. అట్లు మార్చవలెనా వలదా యని ఊగిసలాడుచున్న తండ్రి ఈ బహుమతి సభలోనే, మూడవ వరుసలో, కూర్చుండియుండును. పైయధికారియు ఆ వేదికపైననే యుండును. ఆ యిద్దరును వినునది కార్యదర్శి నివేదికను గాదు, పిల్లల మాటలను.

సభాక్రమము అందరకును తెలిసినదే కనుక క్లుప్తముగా చెప్పుదము. ప్రార్థన, స్వాగతము, వార్షిక నివేదిక, పిల్లల భాషణములు, ముఖ్య అతిథి ఉపన్యాసము, బహుమతి ప్రదానము, అధ్యక్షుని తుది పలుకులు, వందన సమర్పణ, జాతీయగీతము. నాటకములు, నృత్యములు దీనికి ముందో వెనుకనో వచ్చును. ఇందు స్వాగతము చెప్పువారు వచ్చినవారిని పిలువవలెను గాని, వారి జీవితచరిత్ర చదువరాదు. నివేదికలో పిల్లల సంఖ్య, ఉత్తీర్ణుల సంఖ్య, ఖాళీగా నున్న తెలుగు పండితుల ఉద్యోగముల సంఖ్య, వచ్చిన ధనము, వ్యయమైన ధనము ఉండవలెను. ఈ అంకెలను దాచి, విశేషణములతో నింపిన నివేదిక వినుట యెంత కష్టమో విన్నవారికే యెరుక.

పిల్లవాని భాషణము దగ్గర కొంతసేపు ఆగవలసియున్నది. మన బడులలో ఈ భాషణమును ఉపాధ్యాయుడో, సంఘములోని పెద్దయో వ్రాసియిచ్చును. పిల్లవాడు వారము దినములు వల్లెవేయును. ఆ వ్రాత సాధారణముగా ఈ విధముగా నుండును. (ఇది మేము మచ్చునకు కూర్చినది.)

“విద్వద్వరేణ్యులును, దానకర్ణులును, అపర బృహస్పతులును అగు అధ్యక్షులవారి పాదపద్మములకు శతసహస్ర ప్రణామములు. ఈ మహాజన సభాసముద్రము నెదుట నిలిచి పలుకు భాగ్యము నా పూర్వజన్మ సుకృతము.”

ఎనిమిదేండ్ల బిడ్డ పూర్వజన్మ సుకృతమును గూర్చి మాటలాడుట చూచి తల్లి మురియును. మురియుట సహజమే. కాని ఆ బిడ్డను వేదిక దిగిన వెంటనే ‘సుకృతము’ అనగా నేమని అడిగినచో చెప్పలేదు. నడుమ ఒక్క పదము మరచినచో తిరిగి అందుకొనుటకు దారి లేదు. ఏలయనగా వానికి జ్ఞాపకమున్నది శబ్దమే గాని అర్థము గాదు. వెనుకనుండి మాస్టరుగారు అందించుట, పిల్లవాడు ఏడ్పుమొగము పెట్టుట, సభవారు నవ్వుట — ఇవి ప్రతియేటను చూచుచున్నవే. ఆ నవ్వులో తెలుగు ఒక మెట్టు దిగును.

ఇప్పుడు మరియొక మచ్చు చూడుడు. ఇదియు మేము కల్పించినదే.

“అధ్యక్షులవారికి, పెద్దలకు, మా మాస్టరుగారికి, అమ్మలకు, నాన్నలకు నమస్కారం. నేను నాలుగో తరగతి చదువుతున్నాను. మా తరగతిలో తెలుగు చదివేవాళ్లం పదకొండు మందిమి. పోయిన ఏడు పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం. ముగ్గురు వేరే బడికి వెళ్లిపోయారు. మా నాయనమ్మకు కళ్లు సరిగా కనబడవు. మా పెదనాన్న ఊరి నుంచి శుభలేఖ పంపితే నేనే చదివి వినిపించాను. ముహూర్తం తెల్లవారుజామున అని చెప్పగానే, అయితే ముందురోజే బయలుదేరాలి అంది నాయనమ్మ. ఆ వేళ మా ఇంట్లో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది నేర్పిన మా మాస్టరుగారికి మళ్లీ నమస్కారం.”

ఒక నిమిషమునకు మించి పట్టదు. ఇందు బిడ్డకు అర్థము కాని మాట ఒక్కటియు లేదు. వరుస మరచినను శుభలేఖ కథ మరువడు, అది వాని యింట జరిగినది కనుక. పద్నాలుగు పదకొండైనదన్న లెక్కను వాడు ఫిర్యాదుగా చెప్పలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పినాడు. అదే సంగతిని సంఘము పది విజ్ఞప్తులలో వ్రాసినను అధికారి మనస్సునకు ఇంతగా తగులదు. మూడవ వరుసలోని తండ్రికిని తగులును.

మేము గ్రాంథికమున వ్రాయుచు, పిల్లలకు వ్యావహారికము నేర్పుట యేమని కొందరు అడుగవచ్చును. పుటపై చదువుకొను భాషకు ఒక మర్యాద కలదు, దానిని మేము విడువలేము. బిడ్డ నోట సహజముగా వచ్చు భాష వేరు. ఈ వివేకమును మనకు నేర్పినవాడు గిడుగు వేంకట రామమూర్తి. ఆయన పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆ పర్లాకిమిడి 1936 నుండి ఒడిశాలో నున్నది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. పొరుగు రాష్ట్రపు గడ్డగా మారిన ఒక ఊరి బడి గదులలో పాఠములు చెప్పుచు తెలుగు వ్రాతను మార్చిన మహనీయుడాయన. మన ఉపాధ్యాయులు తాము చిన్న బడిలో నున్నామని ఎన్నడును చింతింప నక్కరలేదు.

భాషణమును ఏ లిపిలో వ్రాసి యిచ్చుచున్నాము అనునది మరియొక ముఖ్య విషయము. ఇంటివద్ద తల్లిదండ్రులకు తెలుగు చదువ రానందున, బిడ్డకు వల్లె వేయించుటకై స్థానిక లిపిలో వ్రాసికొని పోవుట పెక్కు చోట్ల వాడుక. సదుద్దేశముతోనే చేయుదురు. దాని ఫలితము లిపినిబట్టి ఒక్కొక్క తీరుగా నుండును.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. తక్కిన వర్గములకును అంతే. ఆ భాషకు అది చాలును, అందు లోపమేమియు లేదు. మన మాటలను అందులో వ్రాసినప్పుడే చిక్కు. ‘బాట’యు ‘పాట’యు ఒకటే యగును. ‘ఫలము’ ‘బలము’ కలిసిపోవును. అన్నిటికంటె వినోదమైనది, బహుమతి సభలలో పదిసార్లు వచ్చు ‘దాత’ అను మాట. తమిళ లిపిలో ‘దాత’ యన్నను ‘తాత’ యన్నను ఒకే తీరుగా వ్రాయబడును. ఆ కాగితము చూచి చదువు బిడ్డ బహుమతినిధి దాతను ‘తాద’ యనును. ఆ పెద్దమనిషి దాతయు గాక, తాతయు గాక నడుమ నిలిచిపోవును!

ఒడియా లిపిలోను, మరాఠీ వ్రాయు దేవనాగరిలోను చిక్కు వేరు విధముగా నున్నది. మనకు గల ఎ, ఏలకు, ఒ, ఓలకు భేదము చూపు అక్షరములు వానిలో వాడుకయందు లేవు. ‘మెడ’లో దండ వేసినారని చెప్పబోయి ‘మేడ’లో వేసినారనును. ‘తొడ’ ‘తోడ’గా మారును. అదియుగాక మరాఠీలో మాట చివరి అకారము పలుకుట లేదు గనుక ‘మేడ’ కాస్తయు ‘మేడ్’ అగును. అచ్చులతో ముగియు మన భాషకు ఆ చివరి అచ్చే ప్రాణము. ఒడియా చదువు పిల్లలు చివరి అచ్చును విడువరు గాని, అకారమును ఒకారపు ఛాయతో పలుకుట అలవాటు గనుక ‘కలము’ వంటి మాటలు వారి నోట కొంత గుండ్రబడును. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు వంటిది. అందు వ్రాసినచో ధ్వని చెడదు. చెడునది వేరొకటి. ఆ లిపిలోనే పని జరిగిపోవుచున్నదని బిడ్డ తెలుగు లిపి జోలికి పోడు. ఇంత దగ్గరి లిపులలో ఒకటి వచ్చినవారికి రెండవది కొన్ని వారముల పని.

కావున మేము కోరున దేమనగా, సభకు ఒక నెల ముందుగా తల్లియో తండ్రియో బిడ్డ ప్రక్కన కూర్చుండి, ఆ భాషణమును బిడ్డచేతనే తెలుగు లిపిలో మూడుమార్లు వ్రాయింపవలెను. తమకు లిపి రాకున్నను కూర్చుండవచ్చును. ఏ అక్షరము ఏది యని బిడ్డను అడుగవచ్చును. బిడ్డకు తల్లిదండ్రులకు నేర్పుటకంటె ఇష్టమైన పని లేదు. ఆ భాషణపు కాగితముతో అక్షరములు నేర్చుకొన మొదలిడిన తల్లియు ఉండవచ్చును.

రాష్ట్రభాష సంగతి కూడ చెప్పవలసియున్నది. తమిళనాట 2006 నాటి చట్టము ననుసరించి ఒకటవ తరగతి మొదలుకొని తమిళము తప్పనిసరి విషయమైనది. కర్ణాటకమున 2015 నాటి చట్టము కన్నడమును అట్లే చేసినది. ఈ చట్టముల అమలులో మన పిల్లలకు గల ఇబ్బందులను గూర్చి సంఘము వేరుగా మాటలాడును. బహుమతి సభ దానికి తగిన చోటు కాదు. మనము తరతరములుగా తినుచున్న ఉప్పు ఈ గడ్డది. ముఖ్య అతిథిగా వచ్చిన అధికారికి తెలుగు రాకపోవచ్చును. ఆయనకు అర్థము కాని భాషలో రెండు గంటలు కూర్చుండబెట్టుట మర్యాద కాదు. స్వాగతమును ముందు తెలుగులోను, వెంటనే రాష్ట్రభాషలోను చెప్పింపుడు. చెప్పువాడు ఒకే పిల్లవాడైనచో మరింత శోభ. రెండు భాషలను తడబడక పలికిన బిడ్డను చూచినప్పుడు, తెలుగు చదివినచో రాష్ట్రభాష రాదేమోనన్న భయము తండ్రులకు సగము తీరును. తిరుత్తణిలో పుట్టి, తిరుపతిలోను, వేలూరులోను, మదరాసులోను చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రపంచము మెచ్చిన వక్త యైనాడు. 1962 నుండి దేశమంతయు ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5ని ఉపాధ్యాయ దినముగా పాటించుచున్నది. సరిహద్దు సీమలో పెరిగినవానికి పలు భాషల నడుమ నుండుట లోటు గాదనుటకు వేరు సాక్ష్య మెందులకు?

బహుమతుల పంపకము మన సభలలో మిక్కిలి అసంతృప్తికరముగా నున్నదని చెప్పక తప్పదు. ప్రతి విషయమునందును మొదటి మార్కులు తెచ్చుకొన్న బిడ్డయే ఆరుమార్లు వేదిక యెక్కును. తక్కిన ఏబదిమంది చప్పట్లు కొట్టుటకే వచ్చినవారగుదురు. మొదటివానికి బహుమతి ఇయ్యవలదని మేము అనుట లేదు. కాని భాషకొరకు నడుపబడు పాఠశాలలో భాషాభ్యాసమునకు వేరుగా బహుమతు లుండవలెను. శ్రుతలేఖనమునకు ఒకటి, దస్తూరీకి ఒకటి, బంధువులకు తెలుగున ఉత్తరము వ్రాసినందుకు ఒకటి, ఏడాదియంతయు మానక బడికి వచ్చినందుకు ఒకటి. వీనికంటె మేము గట్టిగా సిఫారసు చేయునది ‘ఇంటి మాటల పుస్తకము’నకు బహుమతి. మన ఇండ్లలోని ముసలివారు పలుకు మాటలలో పుస్తకములకెక్కనివి పెక్కు కలవు. వంటయింటి మాటలు, మగ్గపు మాటలు, సేద్యపు మాటలు, సామెతలు, తిట్లు కూడ! కోస్తావారు విని నవ్వుదురని వానిని దాచుకొనుచున్నాము. బిడ్డ ఒక నోటుపుస్తకము తీసికొని, అమ్మమ్మ ప్రక్కన కూర్చుండి, మాటకు అర్థమడిగి వ్రాసికొన్నచో అది వాని తొలి నిఘంటువు. గిడుగువారు అడవులలోని సవరల భాషను ఏండ్ల తరబడి ఇట్లే మాట వెంట మాట విని కూర్చినారు. 1931లో దాని వ్యాకరణ గ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించినారు. ఒక ఉపాధ్యాయుడు పరుల భాషకు చేసినదానిని మన బిడ్డలు తమ అమ్మమ్మ భాషకు చేయలేరా?

బహుమతిగా ఇచ్చు వస్తువును గూర్చి ఒక మాట. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు చవుక, వంటయింటిలో పనికి వచ్చును, తల్లులకు ప్రీతి. అయినను మూడునెలలకు ఆ గిన్నె ఏ బహుమతిదో ఎవరికిని జ్ఞాపకముండదు. పుస్తకము ఇయ్యుడు. చిన్నవారికి బొమ్మల కథలు, వేమన పద్యములు, సుమతీ శతకము; పెద్దవారికి మంచి నిఘంటువు. 1853లో నీతిచంద్రికను రచించిన చిన్నయసూరి మదరాసున అధ్యాపకుడు; 1885లో వెలువడిన శబ్దరత్నాకరమును కూర్చిన బహుజనపల్లి సీతారామాచార్యులును ఆ నగరమువాడే. మన ఊళ్లలో పుట్టిన పుస్తకములు మన పిల్లల చేతికి రాకపోవుట న్యాయము కాదు. పుస్తకపు లోపలి అట్టపై బిడ్డ పేరు, తరగతి, బహుమతి పేరు, సంవత్సరము చేతితో తెలుగున వ్రాసి అంటింపుడు. ఆ వ్రాత చక్కగా వ్రాయు పని దస్తూరీ బహుమతి గెలిచినవానికే అప్పగింపవచ్చును.

దాతృనిధుల లెక్క కూడ తల్లిదండ్రులు అడిగి తెలిసికొనవలెను. పూర్వ మొకరు 500 రూపాయలు బ్యాంకులో వేయించి, వడ్డీతో ఏటేట తమ తండ్రిగారి పేర బహుమతి ఇయ్యుడని చెప్పియుందురు. నూటికి 6 రూపాయల వడ్డీ యనుకొన్నచో ఏటికి 30 రూపాయలు. ఆనాడు దానితో నలుగురు పిల్లలకు పుస్తకములు వచ్చియుండును. ఈనాడు నిఘంటువునకు అట్ట కూడ రాదు. మిగిలిన సొమ్ము బడి చేతినుండి పడును, లేదా బహుమతియే మాయమగును. దాత వారసులను కలిసి మూలధనము పెంచుమని అడుగుట ఒక మార్గము. సిగ్గుపడ నక్కరలేదు, అది వారి తాతగారి పేరే. మాకు నచ్చిన మార్గము వేరు. చిన్న నిధులన్నిటిని, దాతల కుటుంబముల సమ్మతితో, ఒకే నిధిగా చేర్చి, సభలో దాతలందరి పేర్లను ఒక్కసారి గౌరవముతో చదివి, వచ్చిన వడ్డీతో కొద్ది బహుమతులే యైనను మంచివి ఇయ్యవలెను.

ప్రదానసమయమున తల్లిదండ్రులకు ఒక విన్నపము. పేరు పిలిచినతోడనే ఫోన్లు పట్టుకొని వేదికకు అడ్డము పరుగెత్తుట వలన వెనుకనున్నవారికి ఏమియు కనబడదు. బిడ్డ అతిథి ముఖమును చూడక కెమెరా వంక చూచుచు నిలుచును, అతిథియు అంతే. బడివారే ఒక్కరిని నియమించి అందరి ఛాయాచిత్రములను తీయించి పంపిన ఈ తొక్కిసలాట తప్పును. బహుమతి పుచ్చుకొనునప్పుడు రెండుచేతులతో పుచ్చుకొని, ‘కృతజ్ఞతలు’ అను మాట వినబడునట్లు చెప్పుట ఇంటివద్దనే అభ్యసింపజేయుడు. బహుమతి రాని బిడ్డను ఇంటికి పోవు దారిలో పొరుగింటివానితో పోల్చి మందలింపకుడు. ఆ రాత్రి తిన్న మాట వాడు మరువడు. ఆ మాటతోపాటు బడి మీదను, భాష మీదను విసుగు కలుగును.

వందన సమర్పణమున అధ్యక్షులు, అతిథులు, దాతలు ఎట్లును వత్తురు. కుర్చీలు మోసినవారిని, మధ్యాహ్న భోజనము వండు తల్లిని, ఏడాదిపొడుగున జీతము ఆలస్యమైనను పాఠము మానని ఉపాధ్యాయులను పేరు పెట్టి చెప్పించుడు. ఆ పని ఒక బాలికకో బాలునికో ఇచ్చినచో రెండు నిమిషములలో ముగియును.

ఈ ఏర్పాట్లకు కాలము కావలెను. దసరా సెలవులు ముగిసిన వెంటనే ఏయే పిల్లలు మాటలాడుదురో నిర్ణయించి, వారి యింటి సంగతులను వారినే అడిగి, వారి మాటలలోనే భాషణము కూర్పవలెను. ఇంటి మాటల పుస్తకములను సంక్రాంతిలోగా బడికి అప్పగింపవలెను. సభలో పిల్లలు పలికిన భాషణములన్నిటిని వారి చేతివ్రాతతోనే ఒక బౌండు పుస్తకమున ఎక్కించి, తేదీ వేసి, బడి గ్రంథాలయమున నుంచవలెను. మరుసటియేడు సభకు వచ్చు తల్లిదండ్రులు చూచుటకు వీలుగా దానిని ద్వారము ప్రక్క బల్లపై పెట్టింపుడు.